వేళ్లు లేని వృక్షము

కలంకారీ వస్త్రములను పరికించువారికి జీవవృక్షము మరల మరల గోచరించును. మచిలీపట్టణపు చెక్కయచ్చులందును, శ్రీకాళహస్తి కలపు గీతలందును అదియే. భారతదేశపు అద్దకపు నూలుబట్టలకు వెఱచి 1686లో ఫ్రాన్సును, 1721లో ఇంగ్లండును వానిని నిషేధించినవి. ఆ నిషేధములు తొలగినవి, వృక్షము నిలిచినది.

నేడు దానిని గూల్చుటకు శాసన మక్కఱలేదు. యంత్రముపై నచ్చొత్తిన గుడ్డను కలంకారీయని యమ్మిన జాలును. కరక్కాయ, పాలు, పటిక, బెల్లపునీట నానిన యినుము, వీనితో నెలకొన్న చేతిపనియే యీ వృక్షమునకు వేళ్లు. వేళ్లు లేని చెట్టును గొనితెచ్చి స్వదేశీవ్రతము చెల్లినదని తలచుట న్యాయమా?

సోదరులారా! కొనునప్పుడు “దీనిని ఏ చేయి యద్దినది?” అని యడుగుడు. ఆ ప్రశ్న అంగళ్లలో వినబడినంతకాలమే అద్దకపువారి పొయ్యి వెలుగును.