కంఠస్థమైన ధర్మము

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల పాఠశాలలలో హాజరుపట్టీ తెరచి చూచినచో సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి అను పేర్లు తరచుగా కనబడుచుండును. పేరు వినినంతనే పిల్లవాని మతమేదో చెప్పగలనని తలచు క్రొత్త ఉపాధ్యాయుడు ఇచ్చట పొరబడక తప్పదు. ఆ సైదులు ప్రతి శనివారము తల్లి వెంట ఆంజనేయుని గుడికి బోయి ప్రదక్షిణము చేయు బాలుడు కావచ్చును. ఆ సైదమ్మ బతుకమ్మ పేర్చుటకు తంగేడు పూలు కోసికొని వచ్చు బాలిక కావచ్చును. పేరు మాత్రము దర్గానుండి వచ్చినది. కన్నవారికి అందులో వింత ఏమియు తోచలేదు. తమ బిడ్డ బ్రతికి బట్టకట్టవలెనని మొక్కుకొన్నారు, మొక్కు తీర్చుకొన్నారు, ఆ మహాత్ముని పేరు పెట్టుకొన్నారు. అంతియే.

సూర్యాపేట జిల్లా పాలకీడు మండలములోని జానపహాడు దర్గాకు ఈ ప్రాంతమున గల ప్రసిద్ధి అందరకును తెలిసినదే. ఏటేట జనవరి మాసమున అచ్చట ఉర్సు జరుగును. గంధము ఊరేగింపు చూచుటకు వేలాది జనులు బండ్లలోను, బస్సులలోను, కాలినడకను వచ్చి చేరుదురు. వచ్చినవారిలో హిందువులెందరో, ముస్లిములెందరో లెక్కించు ఆలోచన ఎవ్వరికిని రాదు. సైదులకు మొక్కినవారు కందూరు చేసి, చుట్టపక్కాలను పిలిచి, కడుపునిండ అన్నము పెట్టుదురు. మతసామరస్యమను పెద్ద మాట వారిలో పెక్కుమంది విని యుండరు. వారికి తెలిసినది బిడ్డ జ్వరము, పంట నష్టము, ఇంటిలోని బాధ. ఆ బాధకు మతము లేదని వారి అనుభవము.

ఇది మనము గర్వింపదగిన సంప్రదాయమే. అయినను ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. మొక్కు మన మేలు కొరకు చేయునది. పొరుగువాని మహాత్మునికి నమస్కరించువాడు ఆ పొరుగువానిని గూడ అంతయే ఆదరించునా? దర్గాలో చాదరు కప్పి వచ్చిన చేతితోనే, ఆ దర్గాకు చెందిన మతస్థునికి పట్టణములో ఇల్లు అద్దెకిచ్చుటకు నిరాకరించుట లేదా? కలసి మ్రొక్కుట సామరస్యమునకు చక్కని ఆరంభము. దాని పునాది మాత్రము వేరొకచోట నున్నది. అది మనము ఎనిమిదవ తరగతిలోనో పదవ తరగతిలోనో కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొని, మరచిపోయిన ఒక పద్యములో నున్నది.

తిక్కన సోమయాజి 13వ శతాబ్దివాడు. భారతములో విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెలుగు చేసెను. ఆయన పద్యములలో మిక్కిలి ప్రచారము పొందినవానిలో ఒకటి, ఇతరులు చేసినచో మనకేది నొప్పి కలిగించునో దానిని మనము ఇతరులకు చేయరాదని బోధించు చిన్న పద్యము. ఏ పద్యమో తెలుగు చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పద్యములో దైవము పేరు లేదు, ఆచారము పేరు లేదు, కులము పేరు లేదు. యజ్ఞయాగాదులు చేసి సోమయాజి యైన కవి, హరిహరులకు భేదము లేదని నమ్మిన కవి, ధర్మములన్నిటికిని ఆశ్రయమేదని చెప్పవలసి వచ్చినపుడు మానవుని మనస్సునే కొలమానముగా చూపెను.

ఈ కొలమానము ఒక్క దేశపు సొత్తు కాదు. క్రీస్తుకు పూర్వమే చీనాదేశమున కన్‌ఫ్యూషియసు తన శిష్యులకు దీనిని జీవితమంతయు ఆచరింపదగిన సూత్రముగా బోధించెను. యూదుల గురువు హిల్లెలు తమ ధర్మశాస్త్రసారము ఇదియేయని చెప్పెనని వారి సంప్రదాయము. ఏసుక్రీస్తు కొండమీది ప్రసంగములో దీనిని ప్రకటించెను. తనకు కోరుకొన్నదానిని తన సోదరునికి గూడ కోరనంతవరకు విశ్వాసము పూర్ణము కాదని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసు గ్రంథములలో నున్నది. దండనకు ఎల్లరును భయపడుదురు గావున ఇతరులను తనతో పోల్చి చూచుకొనుమని బుద్ధుడు బోధించెను. 1993లో చికాగో నగరమున సమావేశమైన ప్రపంచమతముల మహాసభ, మతములన్నియు అంగీకరింపదగిన నీతి యేదని వెదకి, ఈ సూత్రమునే ఆధారముగా గ్రహించెను. 2009లో వెలువడిన కరుణా ప్రణాళిక కూడ దీనినే పట్టుకొన్నది. వేరువేరు నదుల యొడ్డున పుట్టిన జనులు ఒకే మాటకు చేరుకొన్నారనిన, అది మానవానుభవములోనుండి పుట్టిన సత్యమని గ్రహింపవలెను.

అయితే ఈ సూత్రము పైకి కనబడునంత సులభమైనది కాదు. దానికి రెండు ముఖములున్నవి. నొప్పింపకుమనునది ఒకటి, మేలు చేయుమనునది రెండవది. మొదటిది హద్దు, రెండవది బాట. హద్దు మీరకుండుట చేతనే తృప్తిపడువాడు పొరుగింట శవము లేచినపుడు తలుపు వేసికొని కూర్చుండవచ్చును. ఎవ్వరికిని అపకారము చేయలేదని చెప్పుకొనవచ్చును. ఇక బాట నడువదలచినవానికి వేరొక ప్రమాదమున్నది. నాకు ప్రియమైనది ఎదుటివానికిని ప్రియమేయని తలచి, నా ఆహారమును, నా ఆచారమును, నా ప్రార్థనను వానిపై మోపవచ్చును. కావున కరుణకు జ్ఞానము తోడు కావలెను. రంజాను మాసమున ఉపవాసమున్న బాలుని ఎండలో పరుగెత్తింపక నీడలో కూర్చుండబెట్టు వ్యాయామోపాధ్యాయుడు, ముందుగా ఆ బాలుని ఉపవాసమును గూర్చి తెలిసికొనినవాడు. నా కోరికను నీకిచ్చుట చాలదు. నీ కోరికను నేను అడిగి తెలిసికొనవలెను. నా నమ్మకమును ఇతరులు గౌరవింపవలెనని నేను కోరుదును గదా! ఆ కోరికనే ఎదుటివానికిని అన్వయించుకొనవలెను.

పెద్దవూర మీదుగా నాగార్జునసాగరమునకు విహారయాత్ర పోవు విద్యార్థులు ఆనకట్టను చూచి, పడవనెక్కి, నాగార్జునకొండ ద్వీపములోని మ్యూజియమును చూచి వత్తురు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నీటిక్రింద ఒక రాజధాని మునిగియున్నది. అది విజయపురి. క్రీస్తు శకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకులు అచ్చటనుండి ఏలిరి. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు వైదికమతస్థుడు, అశ్వమేధము చేసెను, మహాసేనుని భక్తుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధమును ఆదరించి అచ్చటి మహాచైత్యమును నిర్మింపజేసెను. బోధిసిరి అను ఉపాసిక సింహళమునుండి వచ్చు భిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించెను. ఆ లోయలోనే కార్తికేయునికి, పుష్పభద్రస్వామికి ఆలయములు వెలసెను. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యములో! ఒకే కుటుంబము, రెండు మార్గములు. అన్న చెల్లెలిని తన మార్గమునకు మరలింపలేదు. చెల్లెలు అన్నను తప్పుపట్టలేదు. శిలాశాసనములు మనకీ సంగతిని చెప్పుచున్నవి.

గతమును గూర్చి అతిశయోక్తులు పలుకుట మా ఉద్దేశము కాదు. రాజకుటుంబమునకు సాధ్యమైన ఔదార్యము సామాన్యులకెంతవరకు దక్కినదో శాసనములు చెప్పవు. ఆ మాటకు వచ్చినచో ఈ నేల చూచిన కఠినపరీక్ష ఇక్ష్వాకుల నాటిది కాదు. మన తాతల నాటిది.

1948వ సంవత్సరము హైదరాబాదు సంస్థానమునకు అగ్నిపరీక్ష. రజాకారుల దౌర్జన్యములు గ్రామములను గడగడలాడించుచుండెను. ఆ దినములలో షోయబుల్లాఖాన్ అను యువకుడు ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికను నడుపుచుండెను. అంతకుముందు మందుముల నరసింగరావు సంపాదకత్వమున వెలువడిన ‘రయ్యత్’ పత్రికలో పనిచేసినవాడు. ముస్లిమై యుండియు, ముస్లిముల పేరిట జరుగుచున్న దౌర్జన్యమును ఖండించెను. సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసెను. ఆగస్టు మాసమున ఒక రాత్రి దుండగులు ఆయనను హైదరాబాదు వీథిలో చంపి, వ్రాసిన చేతిని నరికిరి. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లయినను నిండలేదు. తన ఇంటికి నిప్పు పెట్టినచో తనకెట్లుండునో ఊహింపగలిగినవాడు గనుక, ఇతరుల ఇండ్లు తగులబడుచుండగా మౌనముగా నుండలేకపోయెను.

మరుమాసమున సైనికచర్య జరిగెను. నిజాము ప్రభుత్వము కూలెను. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ తరువాత కొన్ని ప్రాంతములలో, ముఖ్యముగా మరాఠీ, కన్నడ జిల్లాలలో, నిరపరాధులైన ముస్లిములపై ప్రతీకారము సాగెను. కేంద్రప్రభుత్వము పంపగా పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు సంస్థానములో పర్యటించి వచ్చిరి. కనీసము 27 వేలనుండి 40 వేలవరకు జనులు ప్రాణములు కోల్పోయియుందురని అంచనా కట్టిరి. వారి నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. అయినను అందులో చీకటి మాత్రమే కాదు, ఒక వెలుగు గూడ కలదు. హిందువులు తమ ముస్లిము ఇరుగుపొరుగులను కాపాడిన సందర్భములు పెక్కు వారి దృష్టికి వచ్చెను. ముఖ్యముగా ఒకే వృత్తివారిలో ఈ అభిమానము ప్రబలముగా నుండెనని, హిందువులైన నేతపనివారు ముస్లిములైన నేతపనివారిని హిందువుల దాడినుండి రక్షించిరని, కొన్నిచోట్ల అందుకు తమ ప్రాణములను గూడ ఒడ్డిరని ఆ నివేదిక చెప్పుచున్నది.

ఒకే మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండువారికి ఒకరి కష్టము మరియొకరికి తెలియును. నూలు తెగినపుడు కలుగు చికాకు, అప్పువాడు గుమ్మములో నిలిచినపుడు కలుగు సిగ్గు ఇద్దరికిని ఒక్కటియే. తిక్కన పద్యము వారిలో ఎందరికి వచ్చునో మనము చెప్పలేము. దాని అర్థము మాత్రము వారికి తెలిసినది. షోయబుల్లాఖాను విషయమున గాని, ఈ నేతపనివారి విషయమున గాని మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఎదుటిమతమువాని తప్పును ఎత్తిచూపుటకు ధైర్యమక్కరలేదు. దానికి చప్పట్లు గూడ లభించును. తనవారి చేయిని పట్టుకొని ‘ఇది తగదు’ అనుటకే ధైర్యము కావలెను. కరుణయొక్క గీటురాయి అది.

ఈ గీటురాయిపై మన గ్రామములను ఇంకొకమారు గీచి చూతము. మతాంతరులతో సఖ్యముగా నుండి, తన మతములోనివారినే ఊరి చివర నిలువబెట్టిన సమాజము మనది. రాజ్యాంగము 1950లోనే అస్పృశ్యతను రద్దు చేసినను, మనస్సులలోనుండి అది పూర్తిగా తొలగినదని ఎవ్వరు ప్రమాణము చేయగలరు? 1951 ఏప్రిల్ 18న, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన పోచంపల్లిలో వినోబాభావే హరిజనుల కష్టములు విని, వారికి భూమి యిచ్చువారెవ్వరని గ్రామస్థులను అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. భూదానోద్యమము అట్లు పుట్టెను. దాని జయాపజయములెట్లున్నను, ఆనాటి ప్రశ్న నేటికిని నిలిచియున్నది: భూమిలేనివాడను నేనే యైనచో? గుడి వాకిట నిలువబడినవాడను నేనే యైనచో? ఈ ప్రశ్న వేసికొనని మతసామరస్యము పండుగనాటి తోరణము వంటిది, మరునాటికి వాడిపోవును.

మతములన్నియు ఒక్కటియేయని చెప్పినగాని సామరస్యము కుదరదని కొందరి వాదము. మేమట్లు తలచుట లేదు. మతముల మధ్య నిజమైన భేదములున్నవి. వానిని దాచినచో మతమునకు గౌరవమును లేదు, సత్యమునకు గౌరవమును లేదు. చాంతమూలుడు అశ్వమేధమును మానలేదు, చాంతిసిరి స్తూపమును మానలేదు. భేదములుండగనే ఒకే కప్పుక్రింద బ్రతుకుట నాగరకత. దానికి కావలసినది సిద్ధాంతముల ఐక్యము కాదు. ఎదుటివాని నొప్పిని నొప్పిగా గుర్తించు గుణము.

ఈ గుణమును నేర్పుటలో ఉపాధ్యాయులను మించినవారు లేరు. నేడు ఒక అబద్ధపు వార్త తెల్లవారునప్పటికి వేయి ఫోనులలో చేరుచున్నది. తండ్రి చూచిన దృశ్యమును కొడుకు బడిలో తోటివానికి చూపుచున్నాడు. నిన్నటివరకు ఒకే బల్లపై కూర్చుండిన ఇద్దరు బాలురు నేడు రెండు బల్లలు వెదకికొనుచున్నారు. ఇట్టి తరుణమున తిక్కన పద్యమునకు ప్రతిపదార్థము చెప్పించి ఊరకుండుట చాలదు. పాఠము ముగిసిన పిమ్మట ఒక కాగితమీయవలెను. ‘ఇతరులు నీకు చేసినవానిలో నిన్ను మిక్కిలి నొప్పించినదేది?’ అని ప్రతి విద్యార్థిచేతను వ్రాయింపవలెను. పేరు పెట్టి పిలుచుటకు మారుగా కులముతో పిలిచిరని ఒకడు వ్రాయును. తన పండుగను వెక్కిరించిరని ఒకడు వ్రాయును. తన డబ్బాలోని అన్నమును చూచి ముక్కు మూసికొనిరని ఒక బాలిక వ్రాయును. ఆ కాగితముల వెనుక రెండవ ప్రశ్న వ్రాయింపవలెను: ‘దానిని నీవెవ్వరికైన చేసితివా?’ ఆ జవాబును ఎవ్వరికిని చూపనక్కరలేదు, దానికి మార్కులక్కరలేదు. పద్యము ఆనాడు వానికి వచ్చినట్లు.

విద్యార్థులారా! మీ ఊరి పీర్ల పండుగలో మీ తాతలు భుజము కలిపిరి. పోతులూరి వీరబ్రహ్మము దూదేకుల యింట పుట్టిన సిద్దయ్యను శిష్యునిగా స్వీకరించెను. ఇవి మీకు లభించిన ఆస్తి. ఆస్తిని అనుభవించుట సులభము, నిలుపుకొనుట కష్టము. గొప్పలు చెప్పుకొనుటచేత ఇది నిలువదు. మీ తరగతిలో సంఖ్యలో తక్కువవారెవ్వరో, ఒంటరిగా అన్నము తినువారెవ్వరో నేడు చూడుడు. వారి స్థానమున మిమ్ము కూర్చుండబెట్టుకొనుడు. ఆ తరువాత ఏమి చేయవలెనో మీకు ఎవ్వరును చెప్పనక్కరలేదు.

రేపు ఉదయము ఈ జిల్లాల బడులలో మరల హాజరు పిలుతురు. ‘సైదులు’ అని ఉపాధ్యాయుడు పిలువగా ఒక బాలుడు లేచి పలుకును. అతడు ఏ దైవమునకు మొక్కునో ఆ పేరును బట్టి తెలియదు. తెలియకపోవుటయే మన పెద్దలు మనకిచ్చిన వరము. అతడు లేచి నిలుచునపుడు ప్రక్కనున్నవాడు చోటిచ్చి జరుగునా, ముఖము త్రిప్పుకొనునా యన్నదే మన తరమునకు పరీక్ష.