కోళ్లగూడుకి గోనె కట్టే ముందు

డొరగుడ చలి గురించి కింద మైదానంలో ఉన్న మన చుట్టాలకి చెబితే ఓ పట్టాన నమ్మరు. ఇక్కడ ఆకాశం నుంచి మంచు కురవదు గానీ, డిసెంబరు, జనవరిల్లో ఈ కొండల మీద కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందకి దిగిపోతాయి. కార్తీకం దాటగానే పెరళ్లలో ఒకటే పని: కోళ్లగూడుకి గోనెలు, టార్పాలిన్ చుట్టి, కంతనేది లేకుండా మూసెయ్యడం. కొందరు లోపల కుంపటి కూడా పెడతారు. ప్రేమతో చేసే పనే. కానీ కోళ్లకి ఇది మేలు కాదని మేము గట్టిగా అంటాం.

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించుకుని కూచుంటే పెద్ద కోడి మన చలికి ఆగుతుంది. ఆగలేనిది తేమకి. రాత్రంతా ఊపిరిలోంచి, రెట్టలోంచి తడి వస్తూనే ఉంటుంది. బయటికి దారి లేకపోతే అది పైన రేకుకి పట్టి, చుక్కలై మళ్లీ కోళ్ల మీదే పడుతుంది. తడిసిన రెట్ట అమ్మోనియా వదులుతుంది. దాంతో కళ్లు మండి, ఊపిరి పాడై, కోడి గురక పెడుతుంది. అది పోయాక మనం "చలికి పోయింది" అనేస్తాం. మూసిన గూట్లో బొగ్గుల కుంపటి మరీ ప్రమాదం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

నిజంగా మంచు కురిసే అమెరికాలో ప్రిన్స్ టి. వుడ్స్ అనే ఆయన 1912లోనే గాలి ఆడే కోళ్ల ఇళ్ల మీద పుస్తకం రాశారు. అక్కడ పనికొచ్చిన పద్ధతి మనకి పనికిరాకపోదు.

ఉత్తరం గాలి వచ్చే వైపు కోళ్ల తల ఎత్తు దాటేవరకు గట్టిగా మూయండి. చూరు కింద జానెడు సందు వదిలి, పిల్లి, ముంగిస దూరకుండా జాలీ కొట్టండి. కింద మూడు నాలుగు అంగుళాల పొడి ఊక పొయ్యండి. కూచోడానికి వెడల్పాటి దండె పెడితే కోడి తన కాలివేళ్లని పొట్ట ఈకలతో కప్పుకుంటుంది. సాయంత్రం గుప్పెడు చోళ్లో మొక్కజొన్నో ఎక్కువ వేస్తే, అది అరిగేటప్పుడు పుట్టే వేడే రాత్రికి కుంపటి.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పరీక్షించకుండా ఏదీ బాగుందనం. తెల్లారి గూడు తెరిచి, కోడి ఎత్తుకి వంగి వాసన చూడండి. కళ్లు మండినా, రేకుకి చుక్కలున్నా, గుప్పిట పట్టిన ఊక ముద్దయినా సందు చాలలేదని అర్థం.

పిల్లల సంగతి వేరు. ఈకలు రాని పిల్లలకి తల్లి రెక్కైనా బల్బు వేడైనా ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీల దాకా కావాలి.

టార్పాలిన్‌కి పెట్టే డబ్బులో కొంత కొక్కెర తెగులు టీకాకి పెట్టండి. వారం లోపు పిల్లలకి లసోటా చుక్కలు, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది. తెగులు వచ్చాక మందు లేదు, ముందు వేసే టీకాయే దిక్కు.

మేము చదివిన కన్నడ బడిలో 'బెచ్చగె' అన్నా, ఇంట్లో 'వెచ్చగా' అన్నా ఒకటే మాట. కానీ కోడికి వెచ్చదనం తన ఈకల్లోనే ఉంది. మనం ఇవ్వాల్సింది పొడి నేల, ఆడే గాలి.