కొలబద్దకు రంగు గలదా?

రోగికి జాతి లేదు, వైద్యునికి పక్షపాతము లేదు అని వైద్యశాస్త్రము చిరకాలముగా చాటుకొనుచున్నది. ఆ మాట యెంతవరకు నిజమో తెలియగోరువారు ధనమునను విద్యయందును అగ్రస్థానమున నున్న అమెరికాదేశపు మూత్రపిండ చికిత్సాచరిత్రను ఒకింత పరిశీలింతురుగాక.

నెత్తురులోని క్రియాటినైన్ అను పదార్థమును కొలిచి, దానినిబట్టి మూత్రపిండముల శక్తిని లెక్కగట్టు సూత్రమొకటి 1999లో వెలువడెను. రోగి నల్లజాతివాడైనచో వచ్చిన ఫలమును సుమారు 1.2 చేత హెచ్చవేయవలయునని అందొక నిబంధన. నల్లవారి దేహమున కండ మెండుగా నుండునను ఊహ దీనికి చెప్పబడిన కారణము. 2009 నాటి నూతనసూత్రమునందును ఈ హెచ్చవేత, కొంచెము తగ్గినను, తొలగలేదు. దీని పర్యవసానమేమి? వయస్సు ఒకటే, నెత్తురు పరీక్షాఫలమును ఒకటే. అయినను తెల్లవానికి 18 అని తేలినచోట నల్లవానికి దాదాపు 21 అని తేలును. ఆ దేశమున ఈ లెక్క 20కి దిగిననాడుగాని, డయాలసిస్ మొదలైననాడుగాని, దాత మూత్రపిండమునకై నిరీక్షించు కాలము ఆరంభము కాదు. ఒక అంకె అడ్డుపడి మనుష్యుని వరుసలో వెనుకకు నెట్టినది! 2021లో ఆ హెచ్చవేతను తొలగింప నిశ్చయించిరి; 2023 నుండి నష్టపోయినవారి నిరీక్షణకాలమును సరిదిద్ద నారంభించిరి. మంచిదే. కాని యిన్నేండ్లు జాగేల?

ఈ అన్యాయమును ప్రశ్నించినవారిలో నల్లజాతి వైద్యులును, వైద్యవిద్యార్థులును ముందుండిరి. అట్టివారు విద్యాపీఠములందు కొలదిమంది యగుటయే జాగునకు ముఖ్యకారణమని మా యభిప్రాయము. ఆ కొరత దైవికము కాదు. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక నల్లవారి ఏడు వైద్యకళాశాలలలో హోవర్డు, మెహారి అను రెంటిని మాత్రమే నిలుపదగునని చెప్పెను. 1923 నాటికి ఆ రెండే మిగిలెను. చదివి పైకి వచ్చినవారి గతియైన మెరుగా? విద్య, అనుభవము, ప్రచురణలు సమానముగా నున్నను, జాతీయారోగ్యసంస్థల పరిశోధన ద్రవ్యము నల్లజాతి శాస్త్రజ్ఞులకు లభించు అవకాశము తెల్లవారికంటె నూటికి 10 పాళ్లు తక్కువయని 2011లో బయటపడెను. ప్రజాసమూహముల ఆరోగ్యమును గూర్చిన విషయములనే వారు హెచ్చుగా కోరుకొనుటయు, అట్టి విషయములకు ద్రవ్యము అరుదుగా దొరకుటయు ఇందొక కారణమని 2019లో తేలెను. రోగుల బాధ నెరిగి శోధింపబూనినవానికే చేయూత లేదన్నమాట!

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. అమెరికాను నిందించి ఊరకుండుట మనకు తగదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థయందు దళిత, గిరిజన విద్యార్థులు బోధనయందును వసతిగృహములందును వివక్షకు లోనగుచున్నారని ఆచార్య థోరట్ అధ్యక్షతన నేర్పడిన సంఘము 2007లోనే తెలిపెను. అవమానముల కోర్చి చదువు ముగించినవాడు బోధనాపీఠమున కెక్కకుండ వెనుదిరిగినచో, రేపు వాని వాడలోని రోగి పక్షమున ప్రశ్నించువా రెవరు?

కావున ప్రతి వైద్యకళాశాలయు తన ఆచార్యులలో ఏయే వర్గములవా రెందరో, ఖాళీలెన్నియో, వచ్చిన ఫిర్యాదులు ఏమైనవో ఏటేట ప్రజలముందు పెట్టవలయును. ఇది దయాధర్మము కాదు, చికిత్సలో భాగమే. ఆచార్యపీఠమున చోటు లేనివారికి రోగశయ్యపై న్యాయము దుర్లభము.