తాళం వేసిన భవనాలు, తలదాచుకోలేని స్త్రీలు

ఇంటి హక్కు అనగానే మనం పట్టా గురించి మాట్లాడతాం. పట్టా స్త్రీ పేరున ఉండాలని మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి అడిగాయి. కొంత సాధించుకున్నాం కూడా. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదల ఇళ్ళస్థలాల పట్టాలు స్త్రీల పేర్లతోనే ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ ఆ ఇల్లు ఎక్కడుండాలి? ఈ ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

నేను బస్తీల్లో పనిచేస్తాను. ఇళ్ళల్లో అంట్లు తోమేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్ళు అందరూ ఒకే మాట చెబుతారు - "ఊరవతల ఇల్లిస్తే పనెక్కడ చేసుకోవాలమ్మా?" హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. అవి పక్కా ఇళ్ళే, కాదనను. అయితే కోఠీలోనో ఆబిడ్స్‌లోనో పొద్దున్న ఆరింటికల్లా పనికి చేరాల్సిన ఒంటరి స్త్రీకి ఆ దూరం అంటే ఏమిటి? బస్సు ఖర్చు, రాత్రిపూట భయం, బడి మానే పిల్లలు, చివరికి పోయే పని. ఇల్లొచ్చి బతుకుతెరువు పోతే దాన్ని హక్కు అనగలమా?

మరోవైపు ఊరి నడిబొడ్డున భవనాలు ఖాళీగా పడి ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్ళు ఖాళీ. పాత బజార్లలో వారసుల తగాదాలతో మూతపడ్డవీ, ధర పెరిగేదాకా యజమానులు తాళం వేసి ఉంచినవీ, ప్రభుత్వ శాఖలు వదిలేసినవీ ఎన్నో కనిపిస్తాయి.

ఇలాంటి పరిస్థితిలో బ్రెజిల్‌లోని సావో పాలో నగరపు స్త్రీలు ఏం చేశారో మనం తెలుసుకోవాలి. అక్కడి 1988 రాజ్యాంగం పట్టణాల్లో ఆస్తి సమాజానికి ఉపయోగపడాలని చెప్పింది. 2001లో వచ్చిన పట్టణ చట్టం ప్రకారం, పట్టణ ప్రణాళికలో గుర్తించిన ప్రాంతంలో ఆస్తిని వాడకుండా ఉంచితే నగరపాలక సంస్థ ముందు నోటీసు ఇస్తుంది. తర్వాత ఏటేటా పన్ను పెంచుతూ పోతుంది. ఐదేళ్ళయినా వాడకపోతే బాండ్లిచ్చి స్వాధీనం చేసుకోవచ్చు.

చట్టం ఉన్నంత మాత్రాన తాళాలు ఊడలేదు. ఇల్లు లేనివాళ్ళే సంఘాలు కట్టి ఆ భవనాల్లోకి వెళ్ళారు. అలాంటి ఒక సంఘానికి నాయకురాలు కార్మెన్ సిల్వా. బాహియా రాష్ట్రం నుంచి బతుకుతెరువుకి వచ్చిన నల్లజాతి స్త్రీ. 2012లో ఆ సంఘం మూతపడ్డ కేంబ్రిడ్జ్ హోటల్లోకి వెళ్ళింది. తర్వాత ప్రభుత్వ గృహ పథకం కింద దాన్నే బాగుచేసి సుమారు 120 కుటుంబాలకి ఇళ్ళుగా మార్చారు. 2016లో సామాజిక భద్రతా సంస్థకి చెందిన, 1940ల నాటి భవనంలోకి వెళ్ళారు. అక్కడ సామూహిక వంటశాల నడుపుతున్నారు.

ఆ దేశపు గృహ పథకం చట్టం 2009లోనే ఇంటి పత్రాలు వీలైనంతవరకు స్త్రీ పేరున రాయాలంది. 2012లో చేసిన సవరణతో విడాకులప్పుడు ఇల్లు భార్యకే దక్కుతుంది. పిల్లల బాధ్యత పూర్తిగా తండ్రికి వచ్చినప్పుడు మినహాయింపు ఉంది. నడిబొడ్డున ఇల్లు, తన పేరున పత్రం - ఈ రెండూ కలిస్తేనే హింసించే భర్తని వదిలి బయటికి రాగల ధైర్యం స్త్రీకి వస్తుంది.

ఇందులో ప్రమాదం లేదా? ఉంది. 2018 మే 1న అదే నగరంలో, వేరే సంఘం వాళ్ళుంటున్న 24 అంతస్తుల భవనం మంటల్లో కూలిపోయింది. ఏడుగురు చనిపోయారు. అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఏళ్ళ తరబడి దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆ తర్వాత వేటాడింది మాత్రం ఉద్యమాల్నే. 2019లో కార్మెన్ కూతురిని అరెస్టు చేసి వంద రోజులకి పైగా జైల్లో పెట్టారు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది పేదల్ని అక్కడినుంచి తరమమని కాదు. కరెంటు, మెట్లు, గోడల మరమ్మతు ప్రభుత్వం బాధ్యతగా చేసి ఇవ్వాలి.

వారసత్వ కట్టడాలు పాడైపోతాయని కొందరంటారు. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో విలాస హోటలైనప్పుడు ఈ అభ్యంతరం ఎంతమంది లేవనెత్తారు? డబ్బున్నవాళ్ళు పడుకుంటే పరిరక్షణ, పనిమనిషి పడుకుంటే ఆక్రమణ! నిజానికి మనుషులు మసిలే ఇల్లు నిలుస్తుంది. తాళం వేసిన ఇంట్లో రావిమొక్కలు మొలుస్తాయి.

మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రతి నగరంలోనూ ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనాల జాబితా బయటపెట్టాలి. వాటిలో ఉండటానికి పనికొచ్చేవాటిని బాగుచేసి ఒంటరి స్త్రీలకి, హింస నుంచి బయటపడ్డవాళ్ళకి, అసంఘటిత కార్మికురాళ్ళకి ముందుగా ఇవ్వాలి. ఖాళీగా ఉంచే యజమానులపై పన్ను వేయాలి. జాబితా కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడానికి పది రూపాయలు చాలు. ఆ పని మన సంఘాలు రేపే మొదలుపెట్టవచ్చు.