ఊరు చెబితేనే జ్వరం తెలిసేది

హైదరాబాద్‌లోని మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా, పైథాన్ నేర్పుతారు. పంజాగుట్ట కన్సల్టెన్సీల్లో ఐ-20, బ్యాంకు లోను, వీసా ఇంటర్వ్యూ గుట్టుమట్లన్నీ చెబుతారు. న్యూజెర్సీ పెరటి గడ్డిలో గసగసాల గింజంత పిడుదు ఉంటుందనీ, అది కరిస్తే ఏం చేయాలనీ చెప్పేవారే అరుదు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3.31 లక్షల మంది. వారిలో మన తెలుగువాళ్లు ఎందరో ఊహించడానికి అమీర్‌పేట సందుల్లోని హాస్టల్ బోర్డులు చూస్తే చాలు.

ఆ పిడుదు అంటించే జబ్బు పేరు లైమ్. నిజానికి లైమ్ అనేది కనెక్టికట్ రాష్ట్రంలో ఓ ఊరు. 1975లో అక్కడి పిల్లలకు వరసగా కీళ్లవాపులు వస్తుంటే పాలీ ముర్రే అనే తల్లి ఊరుకోకుండా ఆరోగ్యశాఖ వెంటపడింది. యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు అలెన్ స్టీర్ దర్యాప్తు మొదలుపెట్టారు. జబ్బుకు కారణమైన మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను పిడుదు పొట్టలో విల్లీ బర్గ్‌డార్ఫర్ కనిపెట్టిన సంగతి 1982లో వెలువడింది. ఇప్పుడు అమెరికాలో ఏటా సుమారు 4.76 లక్షల మంది లైమ్‌కు చికిత్స పొందుతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) అంచనా. అయితే జబ్బు దేశమంతటా ఒకేలా లేదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో, విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఎక్కువ. డాలస్‌లో దిగిన విద్యార్థికి ఆ భయం చాలా తక్కువ.

పిడుదు కరవగానే జబ్బు అంటుకోదు. బ్యాక్టీరియా ఒంట్లోకి చేరాలంటే పిడుదు సాధారణంగా 24 గంటలకు పైగా చర్మాన్ని పట్టుకుని ఉండాలి. కిరోసిన్ పోయడం, అగరుబత్తితో చుర్రుమనిపించడం లాంటివి చేయకూడదు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేస్తే సరి. ముప్పున్న ప్రాంతంలో కరిస్తే 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ ఒక్క డోసు వేయాలా అన్నది డాక్టరు తేలుస్తారు.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. లైమ్ వచ్చినవారిలో 70 నుంచి 80 శాతం మందికి 3 నుంచి 30 రోజుల్లో చర్మంపై మచ్చ లేచి పెద్దదవుతుంది. వైద్య పుస్తకాల్లోని ఫొటోలు చాలావరకు తెల్లచర్మం మీదవి కాబట్టి వాటిలో ఎర్రటి వలయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చామనఛాయ ఒంటిపై అదే మచ్చ గోధుమరంగులోనో, కమిలినట్టో ఉండి కంటికి ఆనదు. నల్లచర్మం వారిలో జబ్బు ఆలస్యంగా బయటపడుతోందని అమెరికా వైద్యులే గుర్తించారు.

మరి హైదరాబాద్‌లో? వీధికుక్కల చెవుల్లో కనిపించే పిడుదులు లైమ్‌ను మోసే జాతి కాదు. అవి కుక్కలకు ఎర్లికియా అనే జబ్బు అంటిస్తాయి, మనుషులకు అప్పుడప్పుడు టిక్ టైఫస్ జ్వరం తెస్తాయి. దేశంలో లైమ్ జాడ అసలే లేదని కాదు. కర్ణాటకలోని నాగరహొళె, బండీపూర్ అడవుల్లో పనిచేసేవారి రక్తంలో యాంటీబాడీలు దొరికాయి. కానీ ఊరు దాటని అమీర్‌పేటవాసి ఒళ్లునొప్పులకు ఇంటర్నెట్ చూసి లైమ్ పరీక్ష చేయించుకుంటే, పాజిటివ్ వచ్చినా అది తప్పుడు ఫలితమయ్యే అవకాశమే ఎక్కువ. డబ్బూ పోతుంది, లేని దిగులూ పట్టుకుంటుంది.

ఇక్కడ జ్వరమొస్తే లైమ్ కంటే ముందు అనుమానించాల్సింది స్క్రబ్ టైఫస్‌ను. దీన్ని మోసేది పిడుదు కాదు, పొదల్లో, గట్ల మీది గడ్డిలో ఉండే చిగ్గర్ పురుగు. వానలు పడ్డాక చలికాలం దాకా దీని జోరు. దసరాకు ఊరెళ్లి చేలో తిరిగొచ్చిన హాస్టల్ కుర్రాడికి వారం, పది రోజులకు జ్వరమొస్తే, డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చిందని వైరల్ ఫీవర్ కింద కొట్టేయడం అలవాటైపోయింది. చంకలో, గజ్జల్లో, నడుంపట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమోనని చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. రద్దీ ఓపీల్లో ఆ రెండు నిమిషాలే దొరకవు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా దెబ్బతింటాయి. నిమ్స్ లాంటి పెద్దాసుపత్రి పంజాగుట్ట నడిబొడ్డున ఉన్నా, రోగి అక్కడికి చేరేసరికి పరిస్థితి ముదిరిపోవచ్చు.

సంక్రాంతికి ఇంటికొచ్చి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు తిరిగెళ్లిన విద్యార్థికైతే ఇదంతా తలకిందులు. జ్వరమొస్తే అక్కడి డాక్టరుకు లైమ్ తడుతుందేమో గానీ స్క్రబ్ టైఫస్ స్ఫురించడం కష్టం. గత నెలలో ఏ జిల్లాలో, ఏ చేలో తిరిగాడో రోగి తనంతట తానే చెప్పాలి. రెండు జబ్బులకూ ప్రధానంగా వాడేది డాక్సీసైక్లినే. అయితే స్క్రబ్ టైఫస్ అనుమానం వస్తే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా వెంటనే మొదలుపెట్టాలి.