మన చేతిపని: పడవ మీద చలువ పందిరి

గాల్వెస్టన్ అఖాతంలో జూలై నెలలో తెరచాప పడవ ఎక్కినవారికి తెలుసు, ఒంటికి గాలి తగులుతున్నా నెత్తి మాడిపోతుంది. నీళ్ళ మీద పడి తిరిగి కొట్టే ఎండ దానికి తోడు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళనీ, చంటిపిల్లలనీ తీసుకెళ్ళాలంటే కాక్‌పిట్ మీద నీడ ఉండి తీరాలి. కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

ముందు స్టెయిన్‌లెస్ గొట్టాల చట్రం బిగించండి. చుక్కాని పట్టి నిలబడ్డ మనిషి తలకు తగలకూడదు, పైన తిరిగే బూమ్‌కు అందకూడదు. చట్రం మీద సాగని ప్లాస్టిక్ పట్టా పరిచి గీతలు గీస్తే నమూనా సిద్ధం.

నూలు కాన్వాసు తడికి బూజు పడుతుంది. సన్‌బ్రెల్లా వంటి యాక్రిలిక్ గుడ్డ మేలు. రంగు పోగు లోపలిదాకా ఉంటుంది కనుక తొందరగా వెలవదు. 46, 60 అంగుళాల పన్నాల్లో దొరుకుతుంది.

అసలు కిటుకు దారంలో ఉంది. గుడ్డ బాగానే ఉన్నా, ఎండకు ముందు చివికేది కుట్టే. నూలు దారం వద్దు. ఎండకు తట్టుకునే వి-69 పాలియెస్టర్ దారం, 16 నంబరు సూది అయితే రవికలు కుట్టే మిషను మీద కూడా చాలావరకు నడుస్తాయి. మడతలు మందంగా ఉన్నచోట చక్రం చేత్తో తిప్పండి.

గొట్టాలకు చుట్టే అంచులకు జిప్పులు పెట్టండి. ఉరుముల మబ్బు కనబడగానే పందిరి విప్పేయండి. లేకపోతే అదే రెండో తెరచాప అవుతుంది, మీ మాట మాత్రం వినదు!