గూడు మారింది.. లెక్క తేలలేదు

కరీంనగర్: ప్రాజెక్టు కింద పోయిన భూమికి ఎకరాకు ఇంత అని ధర కట్టవచ్చు. ఇంటి విషయంలో ఆ లెక్క అంత తేలిక కాదు. కూలిన ఇంటికి ఇచ్చే పరిహారం వేరు, కొత్తచోట ఇల్లు నిలబెట్టేందుకు అయ్యే వ్యయం వేరు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ముంపు గ్రామాలవారు రెండు దశాబ్దాలుగా ఈ రెండింటి మధ్య వ్యత్యాసాన్నే భరిస్తున్నారు.

పాత ఇంటి విలువను ఇంజినీర్లు లెక్కిస్తారు. విస్తీర్ణం కొలిచి, గోడ మట్టిదా ఇటుకదా, కప్పు పెంకులా స్లాబా చూసి, ఇంటి వయసును బట్టి తరుగుదల తీసివేయడం ఆనవాయితీ. తాతలనాటి మట్టి గోడల పెంకుటిల్లుకు ఈ పద్ధతిలో దక్కేది స్వల్పమే. పునరావాస కాలనీలో మాత్రం సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి అన్నీ నాటి మార్కెట్ ధరలకే కొనాలి. కొత్త ఇంటికి తరుగుదల ఉండదు కదా!

అందుకే ఇల్లు వదలడమంటే ఇక్కడ సగం మోసుకుపోవడమే. టేకు దర్వాజలు, దూలాలు, వాసాలు, గూనపెంకులు ఊడదీసి ట్రాక్టర్లకెత్తుతారు. గోడలు మాత్రం కదలవు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ ఖర్చు ప్రభుత్వానిది. రైతు దర్వాజను విప్పి, మోసి, తిరిగి బిగించే ఖర్చులో అధిక భాగం రైతుదే. రవాణాకు కనీసం రూ.10 వేలు ఇవ్వాలని 2007 జాతీయ పునరావాస విధానం పేర్కొనగా, 2013 భూసేకరణ చట్టం దానిని రూ.50 వేలకు పెంచింది. ఆ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలో ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ఇందిరా ఆవాస్ యోజన ప్రమాణాలతో కట్టిన ఇల్లు, ఏడాదిపాటు నెలకు రూ.3 వేల జీవనభృతి కూడా దక్కాలి.

అయితే మధ్యమానేరు భూసేకరణ అంతకుముందే, 1894 నాటి చట్టం కింద మొదలైంది. బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద నిర్మించిన ఈ జలాశయంలో కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ తదితర గ్రామాలు మునిగాయి. నిర్వాసితులకు ఇంటికి రూ.5.04 లక్షలు ఇస్తామని 2015లో వేములవాడలో నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. 2019లో జలాశయం నిండింది. హామీ మాత్రం ధర్నాల్లో నినాదంగా, ఎన్నికల్లో ప్రచారాంశంగా మిగిలిపోయింది. చివరకు 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వేములవాడ పర్యటన సందర్భంగా వీరికి 4,696 ఇందిరమ్మ ఇళ్లు మంజూరయ్యాయి. ఇంటికి రూ.5 లక్షల చొప్పున లెక్కిస్తే దాదాపు రూ.235 కోట్లు.

మొత్తం దాదాపు అదే. కానీ తొమ్మిదేళ్లలో ఆ సొమ్ముతో కట్టగలిగే గోడ ఎత్తు తగ్గింది. ఇందిరమ్మ పథకం పునాది, గోడలు, స్లాబు అంటూ దశలవారీగా చెల్లించే పద్ధతి. ఇప్పుడు కట్టబోయేవారికి అది సరిపోతుంది. నీరు తరుముకొస్తుంటే అప్పుచేసి ఎప్పుడో కట్టుకున్న కుటుంబానికి కావలసింది పునాది డబ్బు కాదు, అప్పు తీర్చే డబ్బు.

ఆ అప్పు కూడా సులభంగా పుట్టేది కాదు. బ్యాంకు గృహరుణానికి స్పష్టమైన పట్టా, స్థిరమైన ఆదాయం కావాలి. పొలం నీటిపాలైన రైతు ఏ ఆదాయం చూపగలడు? దిక్కులేక భూమి పరిహారాన్నే ఇంటికి మళ్లించాలి, లేదా వడ్డీవ్యాపారి గడప తొక్కాలి. మరోచోట పొలం కొనుక్కోవలసిన సొమ్ము సిమెంటుగా మారడం పునరావాస లెక్కల్లో ఎక్కడా కనిపించని నష్టం.

గోదావరిపై ఎల్లంపల్లి జలాశయం రెండు జిల్లాల గ్రామాలనూ ముంచింది. ఇటు వెల్గటూరు ప్రాంతం, అటు మంచిర్యాల వైపు గ్రామాలు. కవ్వాల్ పులుల అభయారణ్యంలో మాత్రం పద్ధతి కొంత భిన్నం. రాంపూర్, మైసంపేట గ్రామస్థులకు కుటుంబానికి రూ.15 లక్షల నగదు, లేదా భూమితోపాటు కట్టించిన ఇల్లు అనే రెండు మార్గాలు చూపారు. అధిక కుటుంబాలు రెండోదాన్నే ఎంచుకోవడం గమనార్హం. చేతికొచ్చే నగదు కంటే నిలబడి ఉన్న ఇల్లే నమ్మకమని వారు భావించినట్లుంది.

సాగునీటి ప్రాజెక్టుల్లో భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలని 2013 చట్టంలోని 38వ సెక్షన్ నిర్దేశిస్తోంది. మధ్యమానేరులో జలాశయం నిండిన ఐదేళ్లకు ఇళ్లు మంజూరయ్యాయి. ఈలోగా కట్టిన వడ్డీ ఏ అధికారి లెక్కలోనూ లేదు.